కోడి మెడ మీది గాటు

కిందటి వారం సాజిదాను మనం వంటింటి వెనక తలుపు చాటున నిలబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. మోకాళ్ళ నొప్పులతో పది నిమిషాలు నిలబడలేనని వీధంతా చెప్పుకునే మనిషే గానీ, అనుమానం పుట్టిందంటే పొద్దుగూకేదాకా అయినా నిలబడగలదు. ఆమె చూస్తుండగానే పక్కింటి పద్మ పాత దుప్పటిలో చుట్టిన బరువైన పెట్టె ఒకటి గోడ మీదుగా అందించింది. దాని వెనకే ఒక నల్ల క్యారీబ్యాగు. కోడలు రేష్మ రెండూ అందుకుని, గొంతు తగ్గించి ఒక మాట అంది.

"ఈ కోడి యాడ తెచ్చింది మా అత్తకు ఇప్పుడే చెప్పద్దక్కా."

ఇక సాజిదాకు వేరే సాక్ష్యం కావాలా? సొంతానికి కోళ్ళ కొట్టు పెట్టుకున్న ఇంటికి గోడ మీదుగా కోడి రావడమేమిటి? అదీ ఈ శుక్రవారం పూట?

ఈ శుక్రవారం సంగతి తెలియాలంటే ఏడు నెలలు వెనక్కి పోవాలి. హిందూపురం పరిగి రోడ్డులో సాజిదా మొగుడు గఫార్‌కు కొట్టుంది. ఆయన గల్లా దగ్గర కూర్చుంటే కొడుకు రఫీ, చెల్లెలి కొడుకు జమీర్ లోపల కోసేవారు. ఒకనాడు పెనుకొండలో హోటలు నడిపే శివశంకర్, గ్రిల్లు కోసం తీసుకుపోయిన పన్నెండు కోళ్ళనూ వెనక్కి తెచ్చి కొట్టు ముందర పడేశాడు. బండిలో ఎండకు చచ్చిన కోళ్ళకు, చచ్చాక కత్తి పెట్టి తనకు అంటగట్టారని రోడ్డు మీద నిలబడి అరిచాడు. అరిచినదాంట్లో అబద్ధమేమీ లేదు. రక్తం పోని మాంసం నల్లబడి ఉంది. హలాల్ అని బోర్డు పెట్టుకున్న కొట్టుకు అంతకంటే తలవంపులు ఉండవు. కోసింది ఎవరంటే నేను కాదంటే నేను కాదన్నారు ఇద్దరూ. గఫార్ ఆ కోళ్ళలో ఒకదాన్ని ఇంటికి పట్టుకొచ్చి పెళ్ళాం ముందర పెట్టాడు.

సాజిదా గాటు చూసి అది ఎవరి చేయో చెప్పగలదు మరి. గుడిబండలో ఆమె నాయనదీ ఇదే పని. పెళ్ళయ్యాక పాతికేళ్ళు మొగుడు కోసిన కోళ్ళను శుభ్రం చేసింది. మనిషి మనిషికీ చేతిరాత మారినట్టే గాటూ మారుతుందని ఆమె నమ్మకం. రఫీ గాటయితే ఇంకా సులువు. పదేళ్ళప్పుడు కొట్టు షట్టరు మీద పడి వాడి కుడిచేతి బొటనవేలు విరిగి, వంకరగా అతుక్కుంది. వాడు కత్తి లాగితే గాటు తిన్నగా పోయి, చివర కొక్కెంలా రొమ్ము వైపు తిరుగుతుంది. ఆ పూట గఫార్ తెచ్చిన కోడి మెడ మీద అదే కొక్కెం. కడుపున పుట్టినవాడని కూడా చూడకుండా "రఫీ చేయే" అని చెప్పేసింది.

రఫీ తల్లి ముఖంలోకి చూసి "నువ్వు గూడానా మా?" అన్నాడు. ఇంక కత్తి ముట్టనని కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అయిపూ అజా లేదు.

ఈ శుక్రవారం నమాజు అయ్యాక గఫార్ తన తండ్రి కాలం నాటి కత్తిని జమీర్‌కు అప్పజెప్పబోతున్నాడు. ఆ ఇంట్లో కత్తి ఎవరి చేతికి పోతే కొట్టు వాళ్ళది. ఇచ్చిన కత్తిని వెనక్కి తీసుకోవడం తాతల కాలం నుంచీ లేదు. ఆ పూట కోడిని ముక్కలు కొట్టకుండా పూర్తిగా వండి పళ్ళెంలో పెడతారు. పెద్దవాడు మొదటి ముక్క తుంచి, కత్తి అందుకునేవాడి నోట్లో పెడతాడు. అదయ్యాక రఫీ తిరిగొచ్చినా చుట్టంలా వచ్చి పోవలసిందే. ఈ లోపల వాడు కనపడి తండ్రి చేతులు పట్టుకుంటే ఏమైనా మారుతుందేమోనని సాజిదా ఏడు నెలలుగా ఎదురుచూసింది. శుక్రవారం శుక్రవారం కోడలు ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోవడం కూడా చూస్తూనే ఉంది.

అందుకే ఇప్పుడు తలుపు చాటు వదిలి నేరుగా వంటింట్లోకి నడిచింది.

రేష్మ ఉలిక్కిపడలేదు. ఉలిక్కిపడకపోవడం కూడా సాజిదా లెక్కలో అనుమానించాల్సిన సంగతే. దుప్పటి విప్పి, నున్నగా నల్లగా ఉన్న మిషన్‌ను గట్టు మీద పెట్టింది కోడలు.

"ఏందే అది?"

"ఎయిర్ ఫ్రయర్ అత్తా. పద్మక్క కొడుకు ప్రవీణ్ తెచ్చిచ్చినాడంట. కోడి కోడి మాదిరే పడతాది దీంట్లో. నూనె అక్కర్లే, మంట అక్కర్లే."

"మంట లేకుండా యట్ల ఉడుకుతాది?"

"వేడి గాలికి."

"గాలికి ఉడికేదయితే మిద్దె మీద ఆరేసిన బట్టలన్నీ ఈపాటికి ఉడికిపోవల్ల."

రేష్మకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. క్యారీబ్యాగు విప్పి కోడిని సింకులో పెట్టింది. కిలోంబావు ఉంటుంది. తోలు తియ్యలేదు, మెడ కూడా తియ్యలేదు. సాజిదా దగ్గరికి జరిగేలోపలే పసుపూ ఉప్పూ పట్టించి, పెరుగులో కలిపిన అల్లం వెల్లుల్లి ముద్ద, ఎర్రకారం, నిమ్మరసం ఒంటినిండా పూసేసింది. తోలు కింద వేళ్ళు దూర్చి రొమ్ము మాంసానికి కూడా పూసింది. కాళ్ళు రెండూ దారంతో కట్టింది. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మెడను మాత్రం పక్కకి మడిచి రెక్క కింద దోపింది. మెడ తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తీసి పారేస్తారు. దోపి దాచేవాళ్ళను సాజిదా ఇప్పుడే చూస్తోంది.

"ఈ కోడి యాడిది?"

"బయట తెప్పించినా."

"సొంత కొట్టు పెట్టుకోని బయట తెచ్చేదేంది? ఎవురు కోసినారు? బిస్మిల్లా చెప్పినారా లేదా?"

"చెప్పినారత్తా. ఆ మాట మాత్రం నన్ను నమ్ము."

ఆ మాట మాత్రమట! అంటే మిగతావి నమ్మాల్సిన పని లేదన్నమాట. సాజిదా ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వంటింటి మధ్యలో వేసుకుంది. కోడి మసాలాలో నానిన మూడు గంటలూ, మధ్యలో ఒక టీకి తప్ప ఆ స్టూలు దిగలేదు.

పన్నెండున్నరకు రేష్మ మిషన్ బుట్టను బయటికి లాగి, కోడిని రొమ్ము కిందికి వచ్చేట్టు బోర్లా పెట్టింది. నూట ఎనభై డిగ్రీల మీద ముప్పై నిమిషాలు. మిషన్ గుయ్యిమంది. సాజిదా కాలంలో అయితే ఇదే కోడిని పెద్ద దేగిసాలో దించి, మూత మీద నిప్పులు పోసి, గంటన్నరసేపు కళ్ళు మండుతుండగా కూర్చునేవారు. ఈ డబ్బా మీద మాత్రం అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి, పొగ లేదు. కాసేపటికి తోలు కాలుతున్న వాసన, వెల్లుల్లి వాసన గదంతా కమ్ముకున్నాయి. వాసన బాగానే ఉందని ఒప్పుకోవాల్సి రావడం సాజిదాకు మరీ మంటగా ఉంది.

"బోర్లా ఏంటికి పెట్టినావు?"

"రొమ్ము ఎండిపోకుండా. సగం అయినాంక తిప్పల్ల."

మిషన్ మూడుసార్లు కుయ్యిమని ఆగింది. రేష్మ బుట్ట లాగి, రెండు గరిటెలతో కోడిని పట్టుకుని వెల్లకిలా తిప్పింది. తిప్పేటప్పుడు రెక్క కింద దోపిన మెడ జారి బయటికి వచ్చింది. వేడికి తోలు బిగుసుకుని, కత్తి పడినచోట గాటు నోరు తెరుచుకుంది. తిన్నగా పోయి, చివర కొక్కెంలా రొమ్ము వైపు తిరిగింది.

సాజిదా స్టూలు మీది నుంచి ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. ముఖం బుట్టలోకి పెట్టినంత పని చేసింది. ఏడు నెలల తర్వాత కొడుకు చేయి కనిపిస్తే ఏ తల్లికైనా గుండె ఆగుతుంది. ఆమెకు ముందు ఏడుపొచ్చింది. ఆ వెనకే కోపమొచ్చింది.

"వాడు యాడుండాడే?" కోడలి మణికట్టు పట్టుకుంది. "నా కొడుకు యాడుండాడు? ఈ కోడి వాడు కోసిందే. నాతో నాటకాలాడద్దు."

రేష్మ చేయి విడిపించుకోలేదు. రెండో చేత్తో బుట్టను మిషన్‌లోకి నెట్టి, ఇరవై ఐదు నిమిషాలు పెట్టింది.

"ఇది అయ్యేసరికి మామ వాళ్ళొస్తారు. అంతలోపల అంతా చెప్తా. మధ్యలో ఆపద్దు. నీ కొడుకు ధర్మవరంలో ఉండాడు. పట్టుచీరల కొట్టులో చీరలు మడతపెట్టే పని. ఈ సంగతి నాకు తప్ప ఈ ఊర్లో ఎవురికీ తెలీదు. ఇప్పుడు నీకు చెప్తాండా."

"ధర్మవరమా! ఇంత దగ్గర్లోనా! నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆయన పోయిన మూడో పొద్దు నుంచి."

సాజిదా చేయి లేచింది. ఆ పిల్ల కొట్టించుకోవడానికి సిద్ధంగా నిలబడి ఉండటం చూసి దించుకుంది. ఏడు నెలలు! కొడుకు బతికున్నాడో లేడో అని తాను దర్గాలకు మొక్కుకుంటుంటే, పక్కన కూర్చుని ఫాతెహా ప్రార్థనకు బొరుగులు పంచిన మనిషి!

"మామ అడిగినప్పుడల్లా తెలీదని చెప్పినా. తెలిసీ దాచిందని తేలితే ఆ పొద్దే తాడిమర్రికి, మా అమ్మోళ్ళింటికి పంపిస్తాననె కదా. నీ కొడుకుకేమో ఎవురికీ చెప్పనని ఒట్టేసింటి."

"సరే, ఇప్పుడు కోడి పంపినాడు కదా. తల్లికి చూపీమని పంపినాడు. కత్తి అప్పజెప్పే పొద్దని తెలిసే పంపినాడు." సాజిదా గొంతులో అప్పుడే ఆశ మొలకెత్తింది. "ఫోన్ చెయ్యి. ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి వస్తాడు."

"ఆయన కత్తి ముట్టలేదత్తా. రూములో ఉల్లిగడ్డలు గూడా పక్కనోళ్ళే తరుగుతారంట."

"నాకు చెప్పద్దు. ఈ గాటు నా కొడుకుది. ఆ మాత్రం నాకు తెలీదా?"

"ఆ పొద్దు గూడా ఇట్లే అంటివి."

మిషన్ గుయ్యిమంటూనే ఉంది. సాజిదాకు ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

"ఈ కోడి పొద్దున ఎనిమిదిన్నరకు మన కొట్టులో కోసిందే," అంది రేష్మ. "పద్మక్క పోయి, ప్రవీణ్‌కు కావాలని చెప్పి, తోలు తియ్యకుండా మెడతో సహా తెచ్చింది. కోసింది జమీరు."

అబద్ధం! మొగుణ్ణి మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకోవడానికి అల్లిన అబద్ధం! ముందు అదే అనిపించింది సాజిదాకు. ఎవరికైనా అదే అనిపిస్తుంది. ఏడు నెలలు కళ్ళలోకి చూస్తూ తెలియదని చెప్పిన మనిషి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమవుతుందా? కోడలితో ఇంకొక్క మాట మాట్లాడకుండా వెనక్కి పోయి గోడ దగ్గర నిలబడి పిలిచింది.

"పద్మమ్మా! ఓ పద్మమ్మా! ఈ కోడి నువ్వు ఎవురితో కోయించుకోనొచ్చినావు? నీ కొడుకు మీద ఒట్టేసి చెప్పు."

పద్మ ముఖం గోడ మీద మొలిచింది. ముందు సాజిదా వెనక తలుపులో నిలబడ్డ రేష్మ వైపు చూసింది. రేష్మ తలూపాక నోరు విప్పింది.

"మీ జమీరే కదక్కా కోసింది. నేను ఎదురుగ్గానే నిలబడుకోనింటి. మెడ ఏంటికి పద్మక్కా అంటే సూపుకు అన్న్యా. వాడు నవ్వినాడు. రఫీ ఉంటే ఇన్ని ప్రశ్నలు ఏసేవాడు కాదులే అనుకున్న్యా మనసులో."

"ఆడ రఫీ లేడా?"

"రఫీ యాడొస్తాడక్కా? మీరే కదా పంపించేసింది."

పద్మ నోటికి అడ్డూ ఆపూ లేదు గానీ అబద్ధం లేదు. ఆ సంగతి పదిహేనేళ్ళ ఇరుగుపొరుగు సాజిదాకు నేర్పింది. గోడ వదిలి మెల్లగా లోపలికొచ్చింది. స్టూలు మీద కూలబడింది.

రేష్మ ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. ఇప్పుడు గొంతు మెత్తబడింది.

"మూడు వారాల కిందట పద్మక్క ఈ మిషన్‌లో మొదటిసారి కోడి చేస్తా, ఉప్పు ఎంతెయ్యల్లో అడగడానికి పిలిచింది. పోయి చూస్తే మెడ మీద కొక్కెం. నేను గూడా నీ మాదిరే అనుకున్న్యా, ఆయనొచ్చి కొట్టులో ఉండాడేమో అని. ఉరికి పోయి చూస్తే జమీరు ఒక్కడే ఉండాడు. ఆపొద్దు రాత్రి ఫోన్‌లో అడిగితే ఆయనన్న్యాడు, జమీరుకు పని నేర్పింది నేనే కదా, నా చేయి చూసే కదా వాడు నేర్చుకున్న్యాది అని. ఆయన చేతికి వేలు వంకర. జమీరు చేతికి గురువు వంకర. అంతే అత్తా."

అంతే! ఎంత చిన్న సంగతి! జమీర్ కొట్టులో చేరి ఆరేళ్ళయింది. సాజిదా మోకాళ్ళు పట్టేసి కోళ్ళు కడగడం మానిందీ అప్పుడే. ఆమెకు నాయన చేయి తెలుసు, మొగుడి చేయి తెలుసు, కొడుకు చేయి తెలుసు. మేనల్లుడి చేయి ఒక్కసారీ చూడలేదు. ఎలా చూస్తుంది? ఊరంతా కూరకు స్కిన్‌లెస్సే అడుగుతారు. తోలుతో పాటు మెడ తోలూ డ్రమ్ములోకి పోతుంది. ఎవరి గాటు ఎలా ఉందో చూసే నాథుడు లేడు. తనకు తెలిసిన మూడు చేతులే లోకంలో ఉన్నాయనుకుని, ఆ గర్వంతో, అడిగిందే తడవుగా కన్నకొడుకు మీద సాక్ష్యం చెప్పింది.

"అయితే ఆ చచ్చిన కోళ్ళు జమీరే..."

"ఎవురనేది అల్లాకు తెలుసు. నేను చూల్లేదు, చూసినానని చెప్పను. కానీ అత్తా, ఆ పొద్దు నువ్వు కొక్కెం చూపిచ్చి రఫీ చేయి అంటాంటే జమీరు పక్కనే నిలబడుకోనుండె. నా గాటు గూడా ఇట్లే ఉంటాదత్తా అని ఒక్క మాట అన్న్యాడా?"

అనలేదు. సాజిదాకు బాగా గుర్తుంది. ఆ పొద్దు జమీర్ ఆమెకు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

అయినా అనుమానం అంత తొందరగా చచ్చే జాతి కాదు. "మూడు వారాల ముందే తెలిస్తే నాతో ఏంటికి చెప్పలే?"

"చెప్తే నమ్ముతావా? మొగుని కోసం చెప్తాంది అనుకుంటావు. ఇప్పుడు గూడా పద్మక్కను పిలిచి అడిగితివి కదా. నా నోరు నమ్మవు, గాటు నమ్ముతావు. తోలు తీసి దేగిసాలో ఉడకబెడితే ఎవురి చేయి యాడ తెలుస్తాది? కోడి కోడిగా నీ కండ్ల ముందర పడల్ల. మామ కండ్ల ముందర గూడా పడల్ల. అందుకే ఈ మిషన్."

సాజిదా కోడలి వైపు చూసింది. ఈ పిల్ల ఇంత తెలివైనదని పెళ్ళి చూపుల్లోనే తెలిసి ఉంటే భయపడి సంబంధం వద్దనేదేమో.

"వాడు ఏమంటాడు? వస్తాడా?"

"అమ్మ చెప్పిన మాట అమ్మే తన నోటితో వెనక్కి తీసుకుంటే గడప తొక్కుతా అంటాడు. లేకుంటే తొక్కడంట."

మిషన్ కుయ్యిమంది.

రేష్మ బుట్ట లాగింది. తోలు ఇటుక రంగుకు తిరిగి, బుగ్గలా ఉబ్బి, అక్కడక్కడా నల్లగా చారలు పడింది. కారిన కొవ్వు బుట్ట అడుగున చిటపటమంటోంది. తొడ దగ్గర చాకుతో పొడిచి చూసింది. కారిన నీరు తేటగా ఉంది. పది నిమిషాలు ఆగాలి, ఇప్పుడే తుంచితే రసమంతా కారిపోతుంది అని అలవాటుగా చెప్పింది. ఆ పది నిమిషాలూ కాకముందే బయట మోటారుసైకిలు చప్పుడైంది.

గఫార్ టోపీ తియ్యకుండానే లోపలికొచ్చి చాప మీద కూర్చున్నాడు. వెనకే జమీర్, కొత్త తెల్ల చొక్కాలో, చేతిలో మిఠాయి పెట్టెతో. "సలామాలేకుం అత్తా. కాళ్ళ నొప్పులు యట్లున్న్యాయి?" అన్నాడు. ఎప్పుడూ ఇలాగే అడుగుతాడు. ఆరేళ్ళుగా ఆ పలకరింపు విని సంతోషపడిన సాజిదాకు, ఇవాళ ఆ ముఖంలో ఏది నిజమో వెతకాల్సి వచ్చింది.

గఫార్ బట్టలో చుట్టిన కత్తిని మోకాలి పక్కన పెట్టుకున్నాడు. రేష్మ పళ్ళెం తెచ్చి మధ్యలో పెట్టింది. సాజిదా వంగి, పళ్ళేన్ని అరచెయ్యి మేర తిప్పింది. మెడ గఫార్ వైపు వచ్చింది.

ఆయన బిస్మిల్లా అని చెయ్యి చాపి, అలాగే ఆగిపోయాడు. చాలాసేపు చూశాడు.

"రఫీ వచ్చినాడా?" అన్నాడు. కోపంగానే అనాలనుకున్నాడు గానీ ఆశగా వినపడింది.

సాజిదా జమీర్ వైపు తిరిగింది. "జమీరూ, నువ్వు చెప్పు నాయనా. నువ్వు పనోడివి కదా. ఇది ఎవురి చేయి?"

జమీర్ పళ్ళెంలోకి తొంగి చూశాడు. పొద్దున పద్మకు కోసిచ్చిన కోడిని గుర్తుపట్టాడో లేదో గానీ, ఆ కొక్కేన్ని మాత్రం గుర్తుపట్టాడు. అది తనది కావాలి, లేదా రఫీది కావాలి. మధ్యలో ఇంకో దారి లేదు. చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"రఫీదే అత్తా," అన్నాడు. అంతటితో ఆగితే బాగుండేది. తప్పు చేసినవాడికి అడిగిన దానికంటే ఎక్కువ చెప్పే జబ్బుంటుంది. "మీరు బాధపడతారని చెప్పలేదు మామా. ధర్మవరంలో ఎవురి కొట్టులోనో కోస్తాండాడని విన్న్యా. ఇది ఆడి నుంచే వచ్చింటాది."

ధర్మవరం! సాజిదా కోడలి వైపు చూసింది. రేష్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తనకు తప్ప ఈ ఊర్లో ఎవరికీ తెలియదన్న పేరది.

గఫార్ ముఖం గట్టిపడింది. "కత్తి ముట్టనని పోయినోడు ఊరోళ్ళకు కోస్తాండాడా? సరే. ఇంగ నాకు ఏ ఆశా లేదు." బట్ట విప్పి, కత్తిని రెండు చేతులతో ఎత్తాడు. "జమీరూ, పట్టు."

జమీర్ చేతులు చాపాడు. ఆ చేతులకూ కత్తికీ మధ్య సాజిదా తన చెయ్యి పెట్టింది.

"ఉండప్పా. అది ఇచ్చే ముందర నా మాట ఒకటి వినల్ల. ఆ పొద్దు రఫీ చేయి అని చెప్పింది నేను. తప్పు చెప్పినా. నాకు తెలియని చేయి ఇంకోటి ఉందని తెలీక చెప్పినా. ఈ కోడి పొద్దున ఎనిమిదిన్నరకు మన కొట్టులోనే తెగింది. దీన్ని కోసినోడు నీ పక్కనే కూచున్న్యాడు."

గఫార్ కత్తిని ముందుకూ చాపలేదు, వెనక్కీ తీసుకోలేదు. మేనల్లుడి వైపు తిరిగాడు.

"ఏమబ్బీ? ఇది నువ్వు కోసిందేనా?"

జమీర్ మామ వైపు గానీ అత్త వైపు గానీ చూడలేదు. చాచిన చేతులు మెల్లగా ఒళ్ళోకి తీసుకుని, గోడకు ఆనుకుని నిలబడిన రేష్మ వైపు చూశాడు. ముఖంలో ఇందాకటి వినయం లేదు.

"ధర్మవరంలో వాడుండే రూము యాడుందో, ఏడు నెలలుగా శుక్రవారం శుక్రవారం వాడితో ఎవురు మాట్లాడతాండారో మామకు నువ్వు చెప్తావా వదినా," అన్నాడు, "నన్ను చెప్పమంటావా?"